నల్లచీర ఆవిడ తరఫున

చల్లపల్లి,
జూన్ 9.

జానకిరామయ్య మాస్టారికి,

నా పేరు వేములపల్లి రావమ్మ. వయసు డెబ్బై నాలుగు. చల్లపల్లిలో మా పెద్దాడు వెంకటకృష్ణారావు, కోడలు, రెండు గేదెలు, నేను ఒకే ఇంట్లో ఉంటున్నాము. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఎదురింటి శౌరమ్మ రాస్తోంది. అంగన్‌వాడీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి దిగిపోయిన మనిషి, చేతిరాత బాగుంటుంది. మా వీధిగదిలో ఏడేళ్ళు అద్దెకున్న మీకు నా పేరూ ఊరూ చెప్పుకోవలసి వచ్చింది. మీరు తెలియనివాళ్ళలాగా ప్రవర్తించారు కాబట్టి మొదటినుంచీ చెబుతున్నాను.

మీరు పోస్టులో పంపిన కొత్త పుస్తకం నమూనా ప్రతి అందింది. మీరే రాసిన వజ్రకేతు మొదటి భాగం. అట్ట బాగుంది, వాడి ఛాతీ మీద నీలం దీపం నిజంగా వెలుగుతున్నట్టే వేశారు. ఆ కథ విని పాతికేళ్ళ పైమాటే కదా అని, వంటింటి గడప మీద కూర్చుని శౌరమ్మ చేత చదివించుకున్నాను. ఆకాశంలోంచి ఇనుప పడవ దిగింది. అందులో పసివాణ్ణి సైంటిస్టు ఎత్తుకెళ్ళి పెంచాడు. పెద్దయ్యాక వాడు లారీని ఒంటిచేత్తో ఆపాడు. అంతవరకూ సవ్యంగానే ఉంది. ఆ తర్వాత సైంటిస్టు ఇంటి గుమ్మంలో నల్లచీర ఆవిడ క్యారేజీ పట్టుకుని నిలబడుతుంది చూడండి, అక్కడ శౌరమ్మ గొంతు ఆగిపోయింది.

"ఏమ్మా, ఆగావేం?" అన్నాను.

"ఈవిడ శత్రువులు పంపిన మనిషంటండీ. పాలల్లో విషం కలుపుతోందండీ" అంది.

మాస్టారూ, ఆవిడ వజ్రకేతు కన్నతల్లి. ఆ లోకం నుంచి బిడ్డ వెనకాలే వచ్చి, వాడున్న ఇంట్లోనే వంటమనిషిగా చేరిన తల్లి. ఆమెకీ తెలుసు, వాడికీ తెలుసు. నలుగురిలో అమ్మా అని పిలిస్తే వాడి ఛాతీ మీద దీపం ఆరిపోతుంది కాబట్టి ఇద్దరూ నోరు విప్పరు. ప్రతి భాగం ఆఖరి పేజీలో, ఎవరూ లేనప్పుడు, వాడు వంటింట్లోకి వచ్చి "అమ్మా, అన్నం పెట్టు" అంటాడు. పన్నెండు పుస్తకాలకీ అదే ఆఖరి మాట. ఆ మాట ఇప్పుడు లేదు. ఎవరు తీశారు? మిగతా పదకొండులోనూ తీసేస్తారా? నాకు జవాబు కావాలి. ఫోను చేస్తే మీకు వినపడదు, పక్కవాళ్ళకి వినపడుతుంది. అందుకని ఉత్తరం.

రావమ్మ వేలిముద్ర


గవర్నర్‌పేట, విజయవాడ,
జూన్ 15.

రావమ్మగారికి జానకిరామయ్య నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం చూడగానే మీ గొంతు వినిపించింది. ఈ రోజుల్లో నాకు వినిపించే గొంతులు అటువంటివే. చెవి యంత్రం పెట్టుకుంటే కింద బస్సుల హారన్లు తప్ప మనుషుల మాట చేరదు.

ఆ పుస్తకాలు వేసిన పబ్లిషరు పోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఆ షాపు ఆయన మనవరాలు సింధూరి చూస్తోంది. చురుకైన పిల్ల. పాత పాకెట్ నవలలు మళ్ళీ వేస్తే నలభై దాటినవాళ్ళు ఎగబడి కొంటారని ఆమె లెక్క. మొన్న ఒక బ్యాంకు ఆఫీసరు షాపుకి వచ్చి, ఆరో తరగతిలో లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని వజ్రకేతు చదివి దెబ్బలు తిన్నానని చెప్పి, అట్ట వాసన చూసి వెళ్ళాడట. అద్దె పుస్తకాల బడ్డీల్లో ఒక్కో ప్రతికీ కుట్టు ఊడి, ట్వైన్ దారంతో మళ్ళీ కుట్టి తిప్పేవారు, గుర్తుందా?

మన పుస్తకాలకి మూలమైన ఆ హిందీ టీవీ సీరియల్ యాభై రెండు వారాలదీ ఇప్పుడు కంప్యూటర్లో దొరుకుతోందట. ఆ అమ్మాయికి హిందీ వచ్చు. అన్నీ చూసి, పుస్తకాలు అసలుకు తగినట్టు లేవంది. సరిచేసి వేస్తున్నారు. పబ్లిషర్ల నిర్ణయం, ఇందులో నేను చేయగలిగింది ఏముందండీ? మీరు మనసుకు తీసుకోవద్దు. మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?

జానకిరామయ్య


చల్లపల్లి,
జూన్ 20.

మాస్టారూ,

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. బాగోనిది మీ మాట.

నా సంతకం లేకుండా నా పుస్తకంలో కామా కూడా కదలదని మా వసారాలో కూర్చుని మా పెద్దాడితో గొప్పలు పోయింది మీరే. మరి ఇప్పుడు ఒక తల్లిని ఎత్తి అవతల పారేస్తే మీ సంతకం ఎటు పోయింది? "ఇంత పరుషంగా వద్దులెండి, పెద్దాయన" అని శౌరమ్మ అంటోంది. ఉండనివ్వమన్నాను.

మీరు మర్చిపోయినట్టున్నారు, నేను గుర్తుచేస్తాను. సీరియల్ ఆదివారం మధ్యాహ్నం వచ్చేది. మీకు అవనిగడ్డలో ట్యూషన్లు. వారం వారం టీవీ చూసి రాస్తానని బెజవాడ పబ్లిషరుకి ఒప్పుకుని వచ్చి, చూసే వీల్లేక మీరు తలపట్టుకుని కూర్చుంటే, "దానికేం, నేను చూసి చెబుతాను" అన్నాను. సీరియల్ కంపెనీవాళ్ళు పంపుతామన్న కథ కాగితాలు ఏనాడూ రాలేదు. వీధిలో పిల్లలందరూ మా ముందుగదిలోనే. మా పెద్దాడు డాబా మీద ఏంటెన్నా తిప్పుతుంటే "వచ్చింది, వచ్చింది, పోయింది" అని కేకలు. నాకు హిందీ ముక్క రాదు. రాకపోతే ఏం? ఏడిస్తే ఏడుపని తెలియదా, మోసం చేస్తే మోసమని తెలియదా?

సాయంత్రం మీరు బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని కూర్చునేవారు. నేను చింతపండులో గింజ తీస్తూ చెప్పేదాన్ని. మర్నాడు చదివి వినిపించేవారు. ఇనుప పడవ పొలంలో దిగితే మినపచేను మాడిపోదా, అది రాయలేదేం అని నేను అడిగితే, నాలుక కరుచుకుని రాశారు. అప్పుడు మీ తోటి టీచర్లు ఆ మినపచేను ముక్కనే మెచ్చుకున్నారని చెప్పింది మీరే. నాట్లకొచ్చిన ఆడవాళ్ళు ఒడ్డు మీద కూలబడి "ఈ నెల వజ్రకేతు వచ్చాడా?" అని ఇంట్లోవాడి గురించి అడిగినట్టు అడిగేవాళ్ళు. వాళ్ళెవరైనా ఆవిడ తల్లి కాదన్నారా? చదివేవాళ్ళకి హిందీ రాదు, హిందీ వచ్చినవాళ్ళు పాకెట్ నవలలు చదవరు. ఎవరికీ ఏ కష్టమూ రాలేదు కదా.

సంతకం పెట్టారా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి.

రావమ్మ వేలిముద్ర


విజయవాడ,
జూన్ 27.

రావమ్మగారికి,

పెట్టాను.

మొదటి ఉత్తరంలోనే చెప్పవలసింది. సిగ్గుపడి చెప్పలేదు. ఇప్పుడు ఆ సిగ్గు ఏమిటో కూడా చెబుతాను.

సింధూరి నన్ను షాపుకి పిలిచి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆ సీరియల్ వేసింది. నా ఎనభై ఏళ్ళ జీవితంలో వజ్రకేతును కళ్ళారా చూడటం అదే మొదటిసారి. పన్నెండు నవలలు రాసినవాణ్ణి! నల్లచీర ఆవిడ గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసింది. పొట్లం విప్పి పాలల్లో పొడి కలిపింది. పక్కగదిలోకి వెళ్ళి రేడియోలో శత్రువుతో మాట్లాడి నవ్వింది. చెవులు వినపడనివాడికి కూడా అర్థమయ్యే నవ్వు. వజ్రకేతు పాలు తాగి కింద పడిపోయాడు. సింధూరి నా చెవి దగ్గరకు వంగి గట్టిగా, "తాతగారూ, మీ పుస్తకంలో ఇది మిరియాల పొడి అని, వాడికి జలుబు చేసిందని ఉందండీ" అంది. షాపులో పనిచేసేవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను సరిదిద్దమని అక్కడికక్కడే సంతకం పెట్టి లేచి వచ్చాను.

నిజానికి ఆ నవలలే నాకు దక్కిన పేరు. నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, ఎవరికీ గుర్తులేదు. 'వజ్రకేతు మాస్టారు' అంటే గుర్తుపడతారు.

ఇప్పుడు ఒకటి అడుగుతున్నాను. మొదటి వారం పొరబడి ఉంటారు, ఒప్పుకుంటాను. రెండో వారం, పదో వారం? ఏడుపుకి హిందీ అక్కర్లేదని మీరే రాశారు. మరి ఆ నవ్వుకి అక్కర వచ్చిందా? మీకు తెలిసే నాకు అబద్ధం చెప్పారా?

జానకిరామయ్య


చల్లపల్లి,
జూలై 3.

మాస్టారూ,

తెలిసే చెప్పాను.

మొదటి రెండు వారాలూ నిజంగానే తల్లి అనుకున్నాను. గుమ్మంలో నిలబడి వాణ్ణి చూసిన చూపు అలా ఉంది. మూడో వారం ఆ నవ్వు నవ్వింది. పిల్లలు "దొంగ ముండ" అని అరిచారు. నాకూ అర్థమైంది. కానీ సాయంత్రం మీరు వచ్చి కూర్చుంటే నా నోట మళ్ళీ తల్లే వచ్చింది. దీపం ఆరిపోతుందన్న మాట నేను పుట్టించిందే. టీవీలో అది ఎప్పుడూ లేదు. మిమ్మల్ని నలుగురిలో నవ్వులపాలు చేశాను, అందుకు తల వంచుతున్నాను. ఎందుకలా చెప్పానో ఇప్పుడు చెబుతాను. ఇది మీరు చదువుకుని చించెయ్యాలి. శౌరమ్మ నోరు విప్పనని వాళ్ళ యేసుప్రభువు మీద ఒట్టు వేసింది.

మా అక్క పద్మావతమ్మను మైలవరం ఇచ్చారు, మీకు తెలుసు. ఆమెకు పిల్లలు కలగలేదు. నా రెండోవాడు జయకృష్ణను మూడో ఏట దత్తతకు ఇచ్చాను. హోమం చేసి, పదిమందిలో, నా చేతులతోనే అక్క ఒడిలో పెట్టాను. అది మా ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, వాడికీ తెలుసు. కానీ ఆ పూట లోపలి గదిలో అక్క నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు తల్లివని వాడి దగ్గర ఏనాడూ అనకు, వాణ్ణీ అననివ్వకు. రెండు పిలుపులుంటే వాడు ఎటూ కాకుండా పోతాడే" అంది. సరేనన్నాను. ఆమె అడిగింది న్యాయమే. ఆ రోజునుంచి వాడికి నేను పిన్నిని. ఒకసారి నాలుగేళ్ళప్పుడు మర్చిపోయి అమ్మా అని నా కొంగు పట్టుకుంటే, "పిన్ని అనరా" అని చెయ్యి విదిలించాను. ఆ తర్వాత వాడు ఎప్పుడూ పొరబడలేదు.

మీ పుస్తకాలు వచ్చేనాటికి వాడికి పద్నాలుగో ఏడు. సెలవులకు వస్తూ సంచిలో వజ్రకేతు పుస్తకాలు తెచ్చుకునేవాడు. "పిన్నీ, చదవనా?" అనేవాడు. నేను పొయ్యి దగ్గర, వాడు గడప మీద. గొంతులు మార్చి చదివేవాడు: సైంటిస్టుకి ఒకటి, శత్రువుకి ఒకటి. ఆఖరి పేజీకి వచ్చేసరికి మాత్రం గొంతు మార్చేవాడు కాదు. పుస్తకంలోంచి తల ఎత్తకుండా, తన గొంతుతోనే, "అమ్మా, అన్నం పెట్టు" అని చదివేవాడు. నేను మాట తప్పలేదు, వాడూ తప్పలేదు. పుస్తకంలో ఉన్నది చదివాడు, నేను విన్నాను. పన్నెండు పుస్తకాలు, ఒక్కోటి నాలుగైదుసార్లు. మీరు రాసిన మిగతా కథంతా నాకు ఆ పేజీకి వెళ్ళే దారి మాత్రమే. ఏమీ అనుకోకండి.

ఇప్పుడు వాడికి పన్నెండేళ్ళ కూతురుంది. రేపు కొత్త పుస్తకం కొని దానికి చదివి వినిపిస్తాడు. ఆఖరి పేజీలో ఆవిడ పాలల్లో విషం కలుపుతూ ఉంటుంది. చిన్నప్పుడు పిన్ని ఇంటి గడప మీద నేను చదివింది తప్పా అనుకుంటాడు. దాన్ని నేను తట్టుకోలేను. అక్క ఇంకా ఉంది, ఆమెకి ఎనభై రెండు. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండానే మీరు ఆపాలి. ఎలా ఆపుతారో మీ ఇష్టం.

రావమ్మ వేలిముద్ర


విజయవాడ,
జూలై 10.

రావమ్మగారికి,

మీ ఉత్తరం చించాను. చించేముందు మూడుసార్లు చదివాను.

నాకు కోపం పోయింది అంటే అబద్ధం. కొంచెం ఉంది. నన్ను పదిమందిలో మెప్పించిన పేజీ నాది కాదని తెలియడం ముసలితనంలో తేలికైన సంగతి కాదు. కానీ ఒకటి గుర్తొచ్చింది. సెలవుల్లో నా వీధిగది కిటికీ పక్కన కూర్చుని పేపర్లు దిద్దేవాణ్ణి. లోపల ఆ అబ్బాయి చదవడం వినిపించేది. నా వాక్యాలు అంత బాగుంటాయా అని నాకే ఆశ్చర్యం వేసేది. ఆఖరి మాట తర్వాత కాసేపు ఇంట్లో గిన్నె చప్పుడు కూడా ఉండేది కాదు. అది నా రచనాశక్తి అనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణండీ!

నిన్న షాపుకి వెళ్ళి నా సంతకం వెనక్కి తీసుకుంటానన్నాను. సింధూరి నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించింది. "తాతగారూ, మీరు వద్దంటే ఆపుతాను. కానీ చదివేవాళ్ళు ఫోనులో సీరియల్ చూసి, పుస్తకం తప్పని నాకు తిట్లు రాస్తారు. తప్పు కాదని నేనేం చెప్పాలి? కారణం ఉంటే రాసివ్వండి, పుస్తకం ముందు వేస్తాను. కారణం లేకుండా తప్పును తప్పులాగే వేయమంటే ఎలాగండీ?" అంది. ఆమె మాటలో అన్యాయం లేదు. మొదటి భాగం ఈ నెల ఇరవైకి ముద్రణకు వెళ్తుందట.

నేను అబద్ధం రాసివ్వగలను, కవి హృదయం అదీ ఇదీ అని. మీ దగ్గర ఏడేళ్ళు అద్దెకున్నవాణ్ణి కాబట్టి అది రాయలేకపోతున్నాను. నిజం చెప్పే హక్కు నాకు లేదు. మీకుందో లేదో మీరూ మీ అక్కగారూ తేల్చుకోవాలి.

జానకిరామయ్య


మైలవరం,
జూలై 16.

మాస్టారికీ, సింధూరమ్మకీ,

మీ ఉత్తరం విన్న మర్నాడే శౌరమ్మను వెంటబెట్టుకుని మూడు బస్సులు మారి మైలవరం వచ్చాను. అక్క మామిడితోట ఇంట్లో మంచం మీద కూర్చుని చీపురుకి కొబ్బరాకు చీల్చుకుంటోంది. పక్కన కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పుస్తకం సంగతి, టీవీ సంగతి, విషం సంగతి అంతా చెప్పాను. ఆఖరికి, "అక్కా, నీకిచ్చిన మాటకి పక్కనుంచి సందు చేసుకున్నాను. మన్నించు" అన్నాను.

అక్క ఆకు చీల్చడం ఆపలేదు.

"ఏమే రావమ్మా, బడికెళ్ళే పిల్లాడికి నెలనెలా ఆ పుస్తకాలు ఎక్కడివనుకున్నావు?" అంది.

నేనూ ఒక ఆకు చేతిలోకి తీసుకున్నాను.

"నేనే బెజవాడ నుంచి తెప్పించేదాన్ని. నాకు నీలా కాదు, చదువొచ్చు. మొదటిది తీసి చూశాను. ఆకాశంలోంచి ఊడిపడ్డవాడు వంటింట్లోకొచ్చి దోసావకాయ వెయ్యమంటాడా? ఏ లోకంలో కాస్తుందే దోసకాయ? అదిలేకపోతే ముద్ద ఎత్తనివాడు మన ఇంట్లో ఒక్కడే. రాసిన మాస్టారి అడ్రసు మీ ఇల్లేనని అట్ట వెనకాలే ఉంది. ఇంకా తెలియదా నాకు?"

"తెలిసి కూడా పంపావా?"

"మాట తీసుకున్నదాన్ని, వదిలేశానని ఏ నోటితో చెప్పను? చెప్పే ధైర్యం లేకపోయింది. వాడు నీ దగ్గర ఉండిపోతాడేమోనని భయం కూడా ఉండేది, దాచుకోవడం దేనికి? అందుకని పుస్తకాలు సంచిలో పెట్టి పంపేదాన్ని. వాడు తిరిగొచ్చి భోజనానికి కూర్చుని 'అమ్మా' అనేదాకా నాకు కుదురుండేది కాదు" అంది. అప్పుడు ఆకు పక్కన పెట్టింది.

ఇద్దరం ముసలివాళ్ళం కాసేపు ఏడ్చుకున్నాము. శౌరమ్మ కూడా ఏడ్చింది, ఆమెకు ఇందులో వాటా లేకపోయినా. తర్వాత అక్క, "ఆ పిల్ల కారణం అడిగిందన్నావుగా, రాసివ్వు. కానీ శౌరమ్మ చేత కాదు" అని తోటలోకి కబురు పంపించి వాణ్ణి పిలిపించింది.

కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నది జయకృష్ణ. ఇప్పటిదాకా చెప్పిందంతా వాడి చేత్తోనే రాశాడు. రెండుచోట్ల ఆగాడు. ఏమిటని మేము అడగలేదు. వాడు తల ఎత్తలేదు.

సింధూరమ్మా, ఇక నీకు చెప్పవలసింది ఇది. పుస్తకం ముందు దీన్నే వేసుకో. టీవీలో నల్లచీర ఆవిడ ఎవరైనా కావచ్చు, హిందీవాళ్ళ కథ హిందీవాళ్ళది. ఆవిణ్ణి తల్లిని చేసింది మాస్టారు కాదు, ఆయన్ని ఎవరూ నవ్వొద్దు. చేసింది నేను. తెలియక కాదు, తెలిసే చేశాను. నాకు రాయడం రాదు, చదవడం రాదు, నా బిడ్డ నోట వినవలసిన మాటను ఒక పుస్తకంలో పెట్టించుకోవడం మాత్రం వచ్చింది. ఆ పుస్తకాలు గడప మీదా గట్టు మీదా కూర్చుని చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎవరెవరు ఏ మాట కోసం ఆఖరి పేజీ దాకా వచ్చారో నీకూ నాకూ తెలియదు. పన్నెండు పుస్తకాల్లోనూ ఆఖరి మాట ఎలా ఉండేదో అలాగే ఉంచు. ఇది నా వాదన. తప్పని ఎవరైనా తిట్లు రాస్తే చల్లపల్లికి పంపించు, శౌరమ్మ చేత చదివించుకుని జవాబు చెబుతాను.

ఇది నేను బుద్ధిపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయించాను. రాశాక జయకృష్ణ మాకు మొదటినుంచి చదివి వినిపించాడు. సరిగ్గా ఉందని ఒప్పుకుని వేలు వేస్తున్నాను.

రాసినవాడి పేరు కింద ఎవరి కొడుకో రాయడం రివాజు కదా, ఏమని రాయమంటారని వాడు అడిగాడు. అక్క నావైపు చూసింది. నేను అక్కవైపు చూశాను. "నీకు తెలియదట్రా? రాయి" అంది అక్క.

వేములపల్లి రావమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
పద్మావతమ్మ (సంతకం), రావమ్మకు అక్క, మైలవరం
శౌరమ్మ (సంతకం), ఎదురింటి మనిషి, చల్లపల్లి

రాసినది:
జయకృష్ణ, పద్మావతమ్మ, రావమ్మల కొడుకు